కాటా గుమాస్తా ఒప్పుకోలు

మాది భీమవరానికీ ఉండికీ మధ్య కాలువ గట్టున ఉన్న ఒక పల్లె. మా ముత్తాతగారి కాలం నుంచీ మేము మార్టిన్ లూథర్ బోధను అనుసరించే లూథరన్ క్రైస్తవ సంఘస్థులం. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరులో మొదలుపెట్టిన సేవా, 1845లో జర్మనీ నుంచి రాజమహేంద్రవరం వచ్చిన మిషనరీల సేవా తర్వాతి రోజుల్లో ఒక్కటై, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడిందని, పసితనంలో బాప్తిస్మం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచే కన్ఫర్మేషన్ తరగతిలో మాచేత వల్లె వేయించారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, వాటి అర్థాలు అన్నీ నాకు అప్పుడే కంఠస్థం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాపక్షమాపణ సంగతి తెలియక నేను దానికి దూరంగా ఉండలేదు. ఎవరైనా అడిగితే వాక్యాలు చూపించి వివరించగలిగినంత తెలిసి ఉండి, నడి వయసు దాటే దాకా ఆ అవసరం నాకు ఉన్నదనే ఆలోచన లేకుండా బతికాను.

మా ఆరాధన పాపపు ఒప్పుకోలుతోనే మొదలవుతుంది. సంఘమంతా తల వంచి ఆ మాటలు కలిసి చదువుతుంది, పాస్టరు అయ్యగారు క్షమాపణ వాక్యం ప్రకటిస్తారు, మేము ఆమేన్ అంటాము, వెంటనే కీర్తన ఎత్తుకుంటారు. ఆ ఒప్పుకోలులో మనుషులు చేయగల పాపాలన్నీ ఇమిడి ఉన్నాయి కనుక నేను చేసినది ప్రత్యేకంగా తీసి చూసుకోవలసిన పని నాకు ఏ ఆదివారమూ పడలేదు. ఇది ఆరాధన క్రమంలోని లోపమని నేను అనను. అదే మాటలను కన్నీళ్లతో చదివే ముసలమ్మలు మా మందిరంలో ముందు వరుసలోనే ఉండేవారు.

నేను చేసినదేమిటో ఇప్పుడు చెప్పాలి. ముప్ఫై ఏళ్ల వయసు నుంచి ఒక ధాన్యం కమీషన్ కొట్టులో కాటా గుమాస్తాగా పనిచేశాను. మా డెల్టాలో ధాన్యం లెక్క 75 కిలోల బస్తాతో నడుస్తుంది. కళ్లంలో రాశి పోసిన ధాన్యాన్ని జట్టువాళ్లు గోనె సంచుల్లోకి ఎత్తి కాటా మీద పెడితే, తూకం చూసి రైతుకు చీటీ రాసి ఇవ్వడం నా పని. సంచి బరువుకు కొంత, తేమకు కొంత, తాలుకు కొంత తరుగు తీస్తారు. ప్రభుత్వ కొనుగోలు నిబంధనల ప్రకారం తేమ 17 శాతం దాటకూడదు. కోతల్లో వాన పడినా, తెల్లవారుజామున మంచు ఆరకముందే తూకం పెట్టినా ఆ శాతం ఇట్టే దాటిపోతుంది. అలా దాటినప్పుడు ఎంత తరుగు తీయాలన్నది కాటా దగ్గర నిలబడ్డవాడి నోటిమాటే అయిపోతుంది. నేను రైతు చీటీలో బస్తాకు మూడు కిలోలని రాసి, కొట్టు పుస్తకంలో రెండే చూపించేవాణ్ణి. మిగిలిన కిలో, కిలో చేరి సీజను ముగిసేసరికి బస్తాలయ్యేవి. ఒక మధ్యవర్తి వాటిని ఎవరో రైతు పేరు మీద అదే కొట్టుకు అమ్మించి, వచ్చినదానిలో సగం నాకు ఇచ్చేవాడు. కొట్టు యజమానికి ఈ సంగతి తెలియదు. రైతుల్లో అనుమానం వచ్చినవాళ్లు ఉన్నా, పంట కోతకు రాకముందే కొట్టులో అప్పు వాడుకుని, కోశాక భూమిగలవారికి కౌలు బస్తాలు కొలవవలసిన వారు కాటా దగ్గర ఎంతసేపు వాదించగలరు? నేను ఎక్కువగా మోసం చేసింది అలాంటి కౌలు రైతులనే. సొంత భూమి ఉన్నవారి ధాన్యం దగ్గర తరుగు జాగ్రత్తగా, న్యాయంగా రాసేవాణ్ణి. ఈ తేడా నాకు అప్పుడు తెలివిగా తోచేది. తరువాతి రోజుల్లో అన్నింటికన్నా ఎక్కువ సిగ్గుపడింది దీనికే.

దానిని మేము దొంగతనమని ఎన్నడూ అనుకోలేదు, మామూలు అనుకునేవాళ్లం. ఆ మామూలుతోనే మా ఇంటికి శ్లాబు వేశాం, భీమవరం రోడ్డులో ఐదు సెంట్ల స్థలం కొన్నాం, మందిరానికి రెండు సీలింగు ఫ్యాన్లు ఇచ్చాం. ఆ ఫ్యాన్ల రెక్కల మీద మా నాన్నగారి పేరు ఎర్ర రంగుతో రాయించాను.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో మా సంఘంలో సాయంత్రాలు ఇంటింటా ప్రార్థన కూడికలు జరుగుతాయి. ఒక ఏడాది అలాంటి కూడిక మా సంఘస్థుడే అయిన ఒక కౌలు రైతు ఇంట్లో జరిగింది. వరసకు నాకు బాబాయి అవుతారు. ఆయన సార్వా (వానాకాలపు పంట) ధాన్యం నా కాటా మీదనే తూగి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఇంటి యజమానిగా ఆయన ప్రార్థన చేస్తూ, "అనుకున్నన్ని బస్తాలు రాకపోయినా కౌలు కొలవడానికి సరిపోయేలా ఇచ్చావు తండ్రీ, నీకు స్తోత్రం" అన్నారు. అందరితోపాటు నేనూ స్తోత్రమన్నాను. అనుకున్నన్ని బస్తాలు ఎందుకు రాలేదో ఆ గదిలో ఇద్దరికి తెలుసు, దేవునికీ నాకూ. ఆ రాత్రి ఆయన భార్య అందరికీ పెట్టిన అటుకుల ఉప్మా నేను తినలేకపోయాను.

అంతటితో మారిపోయానని చెబితే అబద్ధమవుతుంది. ఆ దాళ్వాలో, అంటే రెండో పంటలో, కూడా అలాగే చీటీలు రాశాను. తేడా ఏమిటంటే, అప్పటిదాకా పట్టించుకోకుండా చదివిన వాక్యాలు నన్ను ఆపడం మొదలుపెట్టాయి. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం మొదటి మాటలోనే ఉంది. విశ్రాంతి దినం ఎప్పుడు గడుస్తుందా, ధాన్యం అమ్ముకుందామా అని ఎదురుచూస్తూ కొలత తగ్గించి త్రాసులో మోసం చేసేవారిని గురించి ఆమోసు ప్రవక్త ఎనిమిదో అధ్యాయంలో చెప్పినది చదివితే, రెండున్నర వేల ఏళ్లకు పైబడిన ఆ మాటల్లో మా కొట్టు అరుగు కనిపించింది. ముప్ఫై రెండో కీర్తనలో దావీదు "దివారాత్రులు నీ చెయ్యి నామీద బరువుగా నుండెను" అన్నది కవిత్వం కాదని, అది రక్తపోటు మాత్రలకు లొంగని జబ్బని నాకు ఆ ఏడాది అర్థమైంది.

మొదట మనసును నెమ్మది పరచడానికి నాకు తోచినవన్నీ చేశాను. శుక్రవారాలు ఉపవాసమున్నాను. కానుక పెంచాను. మందిరానికి ప్రహరీ గోడ కట్టిస్తానని మాట ఇవ్వబోయాను. ఊళ్లో జరిగిన ఉజ్జీవ కూటాల్లో ముందుకు వెళ్లి నిలబడి ఏడ్చి వచ్చాను కూడా. ఏడ్చిన రాత్రి నిద్ర బాగా పట్టేది, వారం తిరిగేసరికి మళ్లీ మొదటికి వచ్చేది. అలాంటి కూటాల్లో సాక్ష్యాలు చెప్పేవారు తమ పూర్వపు పాపాలను ఎంత పెంచి చెబుతారో, వాటివల్ల నష్టపోయిన మనుషుల ఊసు ఎంత తక్కువగా ఎత్తుతారో నేను గమనించింది కూడా అప్పుడే. నాకు అది సదుపాయంగానే ఉండేది.

మా అత్తవారిది నరసాపురం వైపు. 1836లో ఇంగ్లండు నుంచి కుటుంబాలతో వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు సేవకులతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ సంఘాలు ఆ ప్రాంతంలో నేటికీ బలంగా ఉన్నాయి. మా బావమరిది అలాంటి సంఘంలో పెద్ద. ప్రతి ఆదివారం ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె విరుస్తారు, తెలివి వచ్చి విశ్వసించినవారికే ముంచి బాప్తిస్మమిస్తారు. నా అవస్థలో కొంత ఆయనతో చెప్పుకుంటే, "బావగారూ, పసితనంలో చల్లిన నీళ్లు మీకు తెలిసి తీసుకున్నవి కావు. మారుమనస్సు పొంది కాలువలో బాప్తిస్మం తీసుకోండి, పాత మనిషి అక్కడే సమాధి అయిపోతాడు" అన్నారు. ఆయన ప్రేమతో చెప్పారు, ఆయన నమ్మినది చెప్పారు. నాకు ఆ సలహా ఎంతో నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆలోచించుకుంటేనే భయం వేసింది. పాత మనిషి సమాధి అయితే పాత చీటీలు కూడా వాడితోనే సమాధి అవుతాయని నేను ఆశపడుతున్నాను. వారి బాప్తిస్మాన్ని నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. నా చేతుల్లో మాత్రం అది తప్పించుకునే దారి అయి ఉండేది.

చివరికి ఒక సాయంత్రం మా అయ్యగారి ఇంటికి వెళ్లాను. అప్పుడు మా సంఘానికి వచ్చిన పాస్టరు గారు నాకంటే వయసులో చాలా చిన్నవారు, రాజమహేంద్రవరంలోని లూథర్‌గిరి వేదాంత కళాశాలలో చదువు ముగించుకుని వచ్చి ఎంతో కాలం కాలేదు. లూథరన్లలో పాస్టరు ఎదుట ఏకాంతంగా పాపం ఒప్పుకునే పద్ధతి లేదని చాలామంది అనుకుంటారు. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర బోధలోనే అది ఉంది. ఒప్పుకోలుకు రెండు భాగాలనీ, మొదటిది మన పాపాలను ఒప్పుకోవడం, రెండవది పాస్టరు పలికే క్షమాపణను దేవుడే పలికినట్టుగా సందేహించకుండా స్వీకరించడం అనీ అక్కడ రాసి ఉంది. చిన్ననాడు నేను వల్లించినదే అది. మా సంఘంలో ఆ పద్ధతిని అడిగి వచ్చినవారు ఎవరూ లేరేమో, అయ్యగారు కాసేపు తడబడి, అమ్మగారిని పిల్లలతో బయటకు పంపి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ నా ఎదురుగా కాకుండా పక్కన వేసుకుని కూర్చున్నారు.

మొదట నేను, అందరం పాపులమే కదండీ అన్న ధోరణిలో మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా ఆపి, "అందరి సంగతి ఆదివారం ఒప్పుకుందామండి. మీరు చేసినది చెప్పండి" అన్నారు. అప్పుడు కాటా సంగతి చెప్పాను. మధ్యవర్తి పేరు చెప్పబోతే, "ఆయన పాపం ఆయన ఒప్పుకోవాలి, మీరు కాదు" అని వద్దన్నారు. కౌలు రైతుల దగ్గరే ఎక్కువ తీసేవాణ్ణన్న మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఆయన తొందరపెట్టలేదు, ఓదార్చనూ లేదు. అదంతా చెప్పాక, ప్రహరీ గోడ కట్టిస్తానని కూడా చెప్పాను. దానికి ఆయన ఇచ్చిన జవాబు నేను ఊహించనిది. లూథర్ 1517లో తొంభై ఐదు ప్రతిపాదనలు రాసింది, డబ్బు ఇచ్చినవారికి పాపశిక్ష తగ్గుతుందని అప్పటి చర్చి పత్రాలు అమ్ముతున్నందుకేననీ, నా గోడ కూడా అలాంటి పత్రమేననీ అన్నారు. "పైగా ఆ డబ్బు మీది కాదు కదండీ" అని నెమ్మదిగా చేర్చారు.

ఇక్కడ ఆయన చెప్పిన క్రమం నేను జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే నేను ఆ రోజు దానిని తలకిందులుగా అర్థం చేసుకోబోయాను. డబ్బు అంతా తిరిగి ఇచ్చేశాక వస్తాను, అప్పుడు క్షమాపణ ప్రకటించండి అన్నాను. అది న్యాయమని నాకు తోచింది. ఆయన ఒప్పుకోలేదు. సువార్తలో అన్యాయంగా డబ్బు తీసుకున్న సుంకరి జక్కయ్య ఇంటికి యేసు వెళ్లింది అతను నాలుగంతలు చెల్లిస్తానని అన్న తరువాత కాదు, ముందే చెట్టు కింద నిలబడి "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. చెల్లిస్తానన్న మాట ఆ తరువాత, ఆనందంలో వచ్చింది. దేవుడు క్షమించేది సిలువ మీద క్రీస్తు చేసినదాన్ని బట్టే తప్ప మనం చెల్లించే దాన్ని బట్టి కాదనీ, చెల్లించి వచ్చి తీసుకుంటానంటే అది కొనుక్కోవడమవుతుందనీ, తీసుకుని చెల్లించకపోతే మాత్రం నేను దానిని అసలు తీసుకోనట్టేననీ చెప్పారు. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" అన్న యోహాను పత్రిక మాట చదివారు. దేవుడు జాలిపడి చూసీచూడనట్టు వదిలేస్తాడని కాక, తన మాటకు నమ్మదగినవాడు కనుక, న్యాయం చెల్లిపోయింది కనుక క్షమిస్తాడని అందులో ఉన్నదని వివరించారు. లెక్కలు రాసుకునేవాణ్ణి కనుక ఆ మాట నాకు పట్టింది.

తరువాత లేచి, మోకరించిన నా తలమీద చెయ్యి ఉంచి, నా పేరు పెట్టి పిలిచి, నా పాపాలు యేసుక్రీస్తు నామంలో క్షమింపబడ్డాయని ప్రకటించారు. నా కొడుకు వయసుకు కాస్త పెద్ద అయిన మనిషి చెయ్యి అది.

నాకు ఏమీ అనిపించలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పాలనే ఇంత దూరం రాశాను. కన్నీళ్లు రాలేదు, వెలుగు కనిపించలేదు, బరువు దిగినట్టు కూడా అనిపించలేదు. ఉజ్జీవ కూటంలో ఏడ్చినప్పుడు అంతకంటే ఎక్కువ అనుభూతి కలిగింది. ఇదే మాట మరో రోజు అయ్యగారితో అంటే, ఆయన లూథర్ సంగతి ఇంకొంచెం చెప్పారు. జర్మనీలోని ఎర్ఫర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్న రోజుల్లో లూథర్ గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటకు వచ్చాక మరొకటి మరిచిపోయానేమోనని మళ్లీ బెంగపడేవాడట. ఆయన గురువైన స్టౌపిట్జ్ విసుగు చెంది, నీలోకి చూసుకోవడం మాని క్రీస్తు గాయాల వైపు చూడమనేవాడట. మన హృదయం మనమీద దోషం మోపినా దేవుడు "మన హృదయముకంటె అధికుడు" అని యోహాను పత్రికలోనే మరోచోట ఉంది. క్షమాపణ నిజమో కాదో నా గుండెను అడిగి తెలుసుకోవద్దని, బయటి నుంచి నాకు చెప్పిన మాటను పట్టుకోమని ఆయన అన్నదాని సారం. నాకు అర్థమైనంతలో, నాలుగు తరాలుగా మా సంఘం పట్టుకుని ఉన్నది ఇదే. దాని విలువ నాకు తెలియడానికి ఇంత కాలం పట్టింది.

అయ్యగారి దగ్గర ఒప్పుకున్న రాత్రే మా ఆవిడతో చెప్పాను. ఆవిడకు సగం తెలుసు, సగం తెలుసుకోకుండా ఉండిపోయింది. చాలాసేపు పైకి చూస్తూ కూర్చుని, "శ్లాబు కూడా అందులోదేనా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే స్థలం అమ్మేద్దాం" అంది. ఆ స్థలం మా అమ్మాయి పేరున రాద్దామని అనుకున్నది. నన్ను క్షమించానని ఆవిడ అప్పుడు అనలేదు, ఇప్పటిదాకా ఆ మాటగా అనలేదు. స్థలం బేరం మాత్రం తనే మాట్లాడింది.

కొట్టు యజమానికి చెప్పడం కష్టమైంది, కానీ అది ఒక్క పూటలో తెమిలిపోయింది. ఆయన కేకలు వేయలేదు. లెక్కలు అప్పగించి మరునాటి నుంచి రావద్దన్నారు. నేను ఆయన కొట్టు పేరు మీద చేసిన పని కనుక ఆయన పోలీసుల దగ్గరకు వెళ్లినా కాదనగలిగేది కాదు. వెళ్లలేదు.

ఎవరికి ఎంత తిరిగి ఇవ్వాలో జాబితా తయారు చేయడానికే ఎక్కువ కాలం పట్టింది. నా సొంత వాటా కోసం రాసుకున్న చిన్న పుస్తకాలు కొన్ని అటక మీద దొరికాయి. దొరకని సంవత్సరాలకు జ్ఞాపకం మీద, ఎవరు ఎన్ని ఎకరాలు చేసేవారో దాని మీద అంచనా వేశాను. అనుమానం వచ్చిన చోట రైతుకే మొగ్గు చూపాను. జక్కయ్య లెక్కన నాలుగంతలు ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. అంత నా దగ్గర లేదు. మోషే ధర్మశాస్త్రంలో, సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో, తన పాపం ఒప్పుకున్నవాడు అపరాధం వల్ల వచ్చిన మూలధనాన్ని మరల ఇచ్చి దానితో అయిదవ వంతు కలపాలని ఉంది. ఈ రెండూ క్రైస్తవునికి కట్టుబాట్లు కావని, నష్టపోయినవారికి ఆ నష్టం తీరేలా చూడడమే ముఖ్యమని అయ్యగారు అన్నారు. నేను అయిదవ వంతు పట్టుకున్నాను.

ఆ లెక్క తప్పని ఒక విధవరాలు చూపించింది. ఆవిడ భర్త 2010-11లో అమ్మిన నూట ఇరవై బస్తాల మీద నేను తీసినది నూట ఇరవై కిలోలు. ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 1000 రూపాయలు కనుక 1200 రూపాయలు, దానిలో అయిదవ వంతు 240, వెరసి 1440 కవరులో పెట్టి తీసుకువెళ్లాను. ఆవిడ లెక్కపెట్టి, "మా ఆయన దగ్గర మీరు తీసింది ధాన్యం కదండీ, డబ్బు కాదు గదా? ఆ ధాన్యం ఇవాళ కొనాలంటే దీంతో వస్తుందా?" అని అడిగింది. 2024-25లో మద్దతు ధర 2300. నూట ఇరవై కిలోలకు 2760, అయిదవ వంతు 552 కలిపితే 3312. బైబిలు వచనం చేతిలో పెట్టుకుని నేను వేసిన లెక్కకంటే బడికి వెళ్లని ఆవిడ వేసిన లెక్కే న్యాయంగా ఉంది. ఇంటికి వచ్చి జాబితా అంతా ఇవాళ్టి ధరకు తిరగరాశాను, అప్పటికే ఇచ్చినవారి దగ్గరకు మిగతాది తీసుకుని మళ్లీ వెళ్లాను. స్థలం డబ్బు చాలలేదు. మా ఆవిడ రెండు గాజులు తీసి ఇచ్చింది.

మనుషులు రకరకాలుగా స్పందించారు. ఎక్కువమంది మా సంఘం వారు కాదు, హిందువులు. ఒక పెద్దాయన పగలబడి నవ్వి, "తీసినోళ్లు శానామంది ఉన్నారు గానీ, తిరిగి తెచ్చినోణ్ణి నిన్నే చూత్తన్నానయ్యా" అని మజ్జిగ ఇప్పించారు. మరొకాయన, 2015 గోదావరి పుష్కరాల్లో రాజమండ్రిలో మునిగి వచ్చిన భక్తుడు, "ఇదేదో మీ దేవుడి దగ్గరే చెప్పుకుంటే సరిపోయేది కదండీ, మా ఇంటి దాకా ఎందుకు వచ్చారు?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టేటప్పుడు, నీమీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని యేసు చెప్పాడని జవాబిచ్చాను. ఆయన కొంచెం ఆలోచించి, "అయితే ఆయన మంచి మాటే చెప్పాడు" అన్నారు. ప్రార్థనలో స్తోత్రం చెల్లించిన బాబాయి మాత్రం ఒక్క మాటా అనకుండా డబ్బు తీసుకుని, నా భుజం పట్టుకుని, తిన్నావా అని అడిగారు. ఆ ఇంట్లోనే నాకు మొట్టమొదటిసారి ఏడుపు వచ్చింది.

ఒకాయన క్షమించలేదు. ఆ ఏడాది వచ్చిన తక్కువ డబ్బువల్లే కొడుకును కాలేజీ మాన్పించవలసి వచ్చిందన్నారు. "డబ్బు అరుగు మీద పెట్టి వెళ్లండి. క్షమించానని అంటే మీకు హాయిగా ఉంటుంది. ఆ హాయి నేనెందుకు ఇవ్వాలి?" అన్నారు. నాకు జవాబు లేదు. దేవుడు నన్ను క్షమించాడు కనుక ఆయన కూడా క్షమించాలని అడిగే హక్కు నాకు లేదని అయ్యగారు ముందే హెచ్చరించి ఉన్నారు, లేకపోతే వాక్యమేదో ఎత్తేవాణ్ణేమో. క్రైస్తవులం తరచుగా చేసే పని అది. నష్టపోయినవారి ముందు క్షమాగుణం గురించి మాట్లాడతాం. ఆయన ఎరువుల కొట్టు దగ్గర కనిపించినప్పుడు నేను నమస్కారం పెడతాను, ఆయన ముఖం తిప్పుకుంటారు. దేవుని క్షమాపణ అందుకు ఏమీ తగ్గలేదు, ఆయనకు జరిగిన అన్యాయమూ తగ్గలేదు. రెండూ నిజమేనని ఒప్పుకోవడం నేర్చుకుంటున్నాను.

ఒప్పుకోలుకు ముందు చాలా కాలంగా నేను ప్రభు భోజనం, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, పాత్ర తీసుకోవడానికి బల్ల దగ్గరకు అలవాటుగా వెళ్లేవాణ్ణి. ఈ పని మొదలుపెట్టాక, అంతా ఇచ్చేదాకా ప్రభు భోజనం తీసుకోనని అయ్యగారితో అన్నాను. మళ్లీ అదే కొనుక్కునే బుద్ధి అని ఆయన మందలించారు. ఆ నెల మొదటి ఆదివారం, సగం జాబితా మిగిలి ఉండగానే, వెళ్లి మోకరించాను. "పాపక్షమాపణ నిమిత్తము" అని పాత్ర అందించినప్పుడు నాకు కలిగినదాన్ని ఆనందమనలేను. ఎవరైనా నన్ను చూస్తే చూడనిమ్మనే నిబ్బరం అది. చీటీలు ఎవరికి దొరుకుతాయోనన్న భయం పోయింది. రాత్రులు మధ్యలో మెలకువ వచ్చినా పడుకుని ఉండగలుగుతున్నాను. పాతవన్నీ గుర్తుకు వచ్చి మనసు కుంగే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి రోజున నన్ను నేను శోధించుకోవడం మాని, అయ్యగారి ఇంట్లో నా పేరుతో చెప్పిన ఆ మాటను గట్టిగా పలుక్కుంటాను. ఆదివారం ఒప్పుకోలు చదివేటప్పుడు ఒక్కోసారి వెనకబడిపోతాను, మిగతావారు ముందుకు వెళ్లిపోతారు.

నా సంగతి తెలిసి, ఈసారి ఉజ్జీవ కూటాల్లో సాక్ష్యం చెప్పమని కొందరు అడిగారు. అయ్యగారు వద్దన్నారు, నాకూ వద్దనిపించింది. ఫ్యాన్ల రెక్కల మీది పేరు మాత్రం నిచ్చెన వేయించి నేనే రంగు పూసి చెరిపాను. ఫ్యాన్ల ఖరీదును కూడా జాబితాలోని రైతులకు చెందిన డబ్బులో కలిపాను, ఫ్యాన్లు మందిరానికే ఉన్నాయి. వారసులెవరూ దొరకని ముగ్గురి డబ్బును సంఘం కానుకల్లో కలపకుండా, పేరు లేకుండా, ఆసుపత్రి ఖర్చు మీద పడిన ఒక కౌలు రైతు కుటుంబానికి ఇచ్చాము.

ఇప్పుడు నేను ఆకివీడు వైపు ఒక రొయ్యల మేత కొట్టులో లెక్కలు రాస్తున్నాను. చేరేటప్పుడే యజమానికి పాత సంగతి చెప్పాను. నగదు చేతికి ఇవ్వకుండా పుస్తకాల పని మాత్రమే ఇచ్చారు, అది సబబే. జాబితాలో ఇంకా కొందరు మిగిలారు. ఇద్దరు ఊరు విడిచి హైదరాబాదులో కూకట్‌పల్లి దగ్గర స్థిరపడ్డారని తెలిసింది, ఒకరి కొడుకు ఫోనులో దొరికాడు. క్రిస్మస్‌కు మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఇచ్చి రావాలని ఆ డబ్బు విడిగా తీసి పెట్టాము.